బ్యాండ్ వాయించే జవానుకు ఎన్ని పట్టీలు?

కవాతు ఎక్కడ జరిగినా ముందు నడిచేది బ్యాండ్. వెనక వచ్చే దళాలు అడుగు తప్పకుండా ఉండేది ఆ డ్రమ్ము దెబ్బ వల్లే. ఆ వరుసలో క్లారినెట్ పట్టుకున్న జవాను సైన్యంలోకి రాకముందే ఏళ్ల తరబడి సాధన చేసి ఉండొచ్చు. అయినా అతను చేరేది అందరితో పాటు అట్టడుగు మెట్టు మీదే. చేయి తిరిగిన సంగీతకారుణ్ని మొదటి రోజే పైమెట్టు మీద చేర్చుకోవాలా, వద్దా? కంటోన్మెంట్ ఊరైన సికింద్రాబాద్ నుంచి మొదలుపెట్టి ఈ ప్రశ్న చుట్టూ ఉన్న విశేషాలు చూద్దాం.

దండుతో పుట్టిన ఊరు

1798లో నిజాం బ్రిటిష్ వాళ్లతో సైనిక ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం వచ్చిన దండు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేసింది. మూడో నిజాం సికిందర్ జా పేరిట 1806లో ఆ విడిదికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. బొల్లారంలో హైదరాబాద్ కంటింజెంట్ అనే దళం ఉండేది. ఆ దళాల వారసత్వంతో ఏర్పడ్డ 19వ హైదరాబాద్ రెజిమెంటే 1945లో కుమావ్ రెజిమెంట్ అయింది. ఇప్పటికీ సికింద్రాబాద్‌లో ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ వారి ఏఓసీ సెంటర్, 1 ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) సెంటర్, తిరుమలగిరిలో ఈఎంఈ సైనిక కళాశాల ఉన్నాయి. కొత్తగా చేరిన జవాన్లు శిక్షణ ముగించి ప్రమాణం చేసే కసమ్ పరేడ్ బ్యాండ్ లేకుండా జరగదు.

జవానుకు 8 పెన్నీలు, డ్రమ్మర్‌కు 12

వాయించేవాడికి ఎక్కువ ఇవ్వాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దపు బ్రిటిష్ పదాతిదళంలో మామూలు సిపాయికి రోజుకు 8 పెన్నీలు వస్తే, డ్రమ్మర్‌కు ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు వచ్చేవి. అది కార్పొరల్ జీతం. దానికి కారణం ఉంది. ఫిరంగి మోతల్లో దొర అరుపు ఎవరికీ వినపడదు. ముందుకు కదలాలా, ఆగాలా, వెనక్కి రావాలా అన్నది డ్రమ్మే చెప్పాలి. అందుకే డ్రమ్మర్ పనిని వినోదంగా చూడలేదు, ఆజ్ఞలు చేరవేసే బాధ్యతగా చూశారు. జీతం కూడా దానికి తగ్గట్టే ఇచ్చారు.

నగారా ఉంటేనే పెద్ద సర్దారు

మొగల్ కొలువులో నగారా మోగించుకునే హక్కు ఎవరికి పడితే వాళ్లకు ఉండేది కాదు. పాదుషా దాన్ని పెద్ద హోదా గల మన్సబ్‌దార్లకే జెండాతో పాటు బహుమానంగా ఇచ్చేవాడు. హైదరాబాద్‌లో బిర్లా మందిరం పక్కనున్న నౌబత్ పహాడ్‌కు ఆ పేరు నౌబత్తు నగారాల వల్లే వచ్చింది. ఫర్మానా చదివే ముందు జనాన్ని పిలవడానికి అక్కడ నగారా మోగించేవారని చెబుతారు. వాయిద్యం సర్దారు హోదాను చాటేది, దాన్ని వాయించే మనిషికి మాత్రం ఆ హోదాలో వాటా దక్కేది కాదు. మన ప్రశ్నకు మూలం అక్కడే ఉంది.

ఏనుగుల దళపతి చేతి గ్రంథం

యుద్ధానికీ కళకూ పొత్తు కుదరదనుకునేవాళ్లు జాయప సేనానిని గుర్తు చేసుకోవాలి. కాకతీయ గణపతిదేవుడి గజసైన్యానికి అధిపతి ఆయన. 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. వీరుల నృత్యంగా మనం చెప్పుకునే పేరిణి గురించి అందులో వివరాలున్నాయి. దాని ఆధారంగానే నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. వాద్యాల మీద కూడా జాయప ఒక గ్రంథం రాశాడంటారు కానీ అది దొరకలేదు. ఓరుగల్లు కోటలో సేనాపతి, లాక్షణికుడు ఒక్కడే.

కోట బ్యాండ్ నుంచి కచేరీకి

సైనిక బ్యాండ్ మన శాస్త్రీయ సంగీతాన్నీ తాకింది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో వాయించే పాశ్చాత్య బాణీలు ముత్తుస్వామి దీక్షితులు విన్నారు. ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చి దాదాపు 40 నోట్టుస్వరాలు రచించారు. వాటిలో 'సంతతం పాహిమాం' వరస బ్రిటిష్ జాతీయగీతానిదే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇవాళ వయొలిన్ లేని గాత్ర కచేరీ అరుదు.

ఒకే పాట, తలో శ్రుతి

1854లో క్రిమియా యుద్ధ సమయం. టర్కీలోని స్కుటారిలో రాణి విక్టోరియా పుట్టినరోజు కవాతు. బ్రిటిష్ బ్యాండ్లన్నీ కలిసి జాతీయగీతం ఎత్తుకున్నాయి. ఒక్కో దళానిది ఒక్కో శ్రుతి, ఒక్కో కూర్పు. మిత్రదేశాల సేనాధిపతుల ముందే పరువు పోయింది. అప్పటిదాకా బ్యాండ్ ఖర్చు రెజిమెంట్ ఆఫీసర్లు తమ జేబుల్లోంచి పెట్టుకునేవారు. బ్యాండ్‌మాస్టర్లు చాలామంది జీతానికి కుదిరిన పౌరులు, యుద్ధం రాగానే ఇంటిదారి పట్టేవారు. ఈ దెబ్బతో కళ్లు తెరిచి 1857లో నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల పెట్టారు. 1881లో బ్యాండ్‌మాస్టర్లకు వారెంట్ ఆఫీసర్ హోదా వచ్చింది. 1887లో గ్రెనడియర్ గార్డ్స్ బ్యాండ్‌మాస్టర్ డాన్ గాడ్‌ఫ్రేకు కమిషన్, అంటే ఆఫీసర్ హోదా, దక్కింది. బ్రిటిష్ సైన్యంలో ఆ గౌరవం పొందిన మొదటి బ్యాండ్‌మాస్టర్ ఆయనే. హోదా ఇవ్వని రోజుల్లో మనుషులు నిలవలేదు. ఇచ్చాక నిలిచారు, బ్యాండ్లూ బాగుపడ్డాయి.

సంగీతకారుడు పాషా అయిన వైనం

అందరికన్నా పెద్ద మెట్టు ఎక్కించింది ఒట్టోమన్ సుల్తాను. 1826లో సుల్తాన్ మహమూద్ తన పాత సైన్యమైన జానిసరీ దళాలను రద్దు చేశాడు. వాటితో పాటే మెహ్తర్ అనే పాత సైనిక వాద్యబృందమూ పోయింది. కొత్త బ్యాండ్ కట్టడానికి 1828లో ఇటలీ నుంచి జుసెప్పె డోనిజెట్టిని రప్పించాడు. ఓపెరాలు రాసిన గయెటానో డోనిజెట్టికి ఈయన అన్న. ఇస్తాంబుల్‌లోనే స్థిరపడి, పాషా బిరుదు పొంది, 1856లో అక్కడే కన్నుమూశాడు. జీవితమంతా చేసింది సంగీతమే, అందుకున్నది సేనానాయకుల సరసన చోటు.

పచ్‌మఢీ బడి

మన దేశంలో సైనిక సంగీతానికి చదువులమ్మ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ. జనరల్ కె.ఎం. కరియప్ప సైన్యాధిపతిగా ఉన్నప్పుడు 1950లో ఇక్కడ మిలిటరీ మ్యూజిక్ వింగ్ మొదలైంది. బ్యాండ్‌మాస్టర్ కావాలనుకునే జవాను స్వరలిపి, సమ్మేళన రచన, బృంద నిర్వహణ అన్నీ ఇక్కడే నేర్చుకోవాలి. నౌకాదళానికి ముంబయిలోని ఐఎన్ఎస్ కుంజలిలో సొంత సంగీత పాఠశాల ఉంది. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో వినపడేది ఈ బడుల చదువే.

పట్టీల లెక్క

అసలు విషయానికొద్దాం. సైన్యంలో సిపాయి భుజానికి పట్టీ ఉండదు. లాన్స్ నాయక్‌కు ఒకటి, నాయక్‌కు రెండు, హవల్దార్‌కు మూడు పట్టీలు. ఆపైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అనే జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాలు. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం సిపాయికి 21,700, నాయక్‌కు 25,500, హవల్దార్‌కు 29,200, నాయబ్ సుబేదార్‌కు 35,400 రూపాయల దగ్గర మొదలవుతుంది. 2022 నుంచి కొత్తవాళ్లు అగ్నివీర్లుగా నాలుగేళ్లకే చేరుతున్నారు. మొదటి ఏడాది నెలకు 30,000, అందులో చేతికొచ్చేది 21,000. నౌకాదళంలో అగ్నివీర్ ఎంఆర్ మ్యుజీషియన్, వాయుసేనలో అగ్నివీర్‌వాయు మ్యుజీషియన్ అని విడిగా ప్రకటనలు వస్తాయి. పేరు వేరైనా మెట్టు మాత్రం తక్కిన అగ్నివీర్లదే.

పైమెట్టు మీద చేరేవాళ్లు ఇప్పటికే ఉన్నారు

మన సైన్యంలో నేరుగా పైహోదాలో చేరడమన్నదే లేదనుకుంటే పొరపాటు. పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ వంటి మత బోధకులు మొదటి రోజే నాయబ్ సుబేదార్లు. కేటరింగ్ జేసీఓలూ అంతే. జవాన్లకు చదువు చెప్పే పట్టభద్రులు హవల్దార్ ఎడ్యుకేషన్‌గా చేరతారు. క్రీడాకారులకు హవల్దార్, నాయబ్ సుబేదార్ హోదాల్లో డైరెక్ట్ ఎంట్రీ ఉంది. ఒలింపిక్ స్వర్ణం తేవడానికి ముందే, 2016లో నీరజ్ చోప్రా రాజ్‌పుతానా రైఫిల్స్‌లో నాయబ్ సుబేదార్‌గా చేరాడు. సికింద్రాబాద్ ఏఓసీ సెంటర్ థాపర్ స్టేడియంలో నియామక ర్యాలీ జరిగినప్పుడు క్రీడాకారుల సర్టిఫికెట్లకు ప్రత్యేక గుర్తింపు ఉంటుంది. చదువుకు, వంటకు, పూజకు, ఆటకు దొరికిన మినహాయింపు సంగీతం దగ్గర ఆగిపోయింది.

వాయుసేన పరీక్ష ఎలా ఉంటుంది?

మ్యుజీషియన్‌గా చేరాలంటే పదో తరగతి పాసవ్వాలి. అది మొదటి గడప మాత్రమే. ఫ్లూట్, ఒబో, క్లారినెట్, శాక్సోఫోన్, ట్రంపెట్, ట్రాంబోన్, యుఫోనియం, వయొలిన్, కీబోర్డ్, డ్రమ్స్ వంటి వాయిద్యాల్లో కనీసం ఒకదాని మీద పట్టుండాలి. సాధన చేసి తెచ్చుకున్న ఒక బాణీ వాయించి చూపాలి. వాయిద్యాన్ని తానే శ్రుతి చేసుకోవాలి. పరీక్షకులు ముందు చెప్పని ఒక స్వరం వినిపిస్తారు. అది విని అదే స్వరాన్ని వాయిద్యం మీదో గొంతుతోనో పట్టుకోవాలి. లయ తప్పకూడదు, ఒక పాట పూర్తిగా పాడాలి. మన పిల్లలకు పనికొచ్చే సంగతి ఒకటుంది. స్టాఫ్ నొటేషనే రావాలని లేదు, కర్ణాటక సంగీత స్వరలిపి వచ్చినా ఒప్పుకుంటారు. ఇవన్నీ దాటాక పరుగు పరీక్ష, వైద్య పరీక్ష ఎలాగూ ఉన్నాయి. ఇంతగా వడపోసి ఎంచుకున్న మనిషిని నైపుణ్యం లేనివాడి లెక్కలో వేయడం సబబు కాదు.

నడుస్తూ వాయించడం అంత తేలిక కాదు

క్విక్ మార్చ్‌లో నిమిషానికి 120 అడుగులు పడాలి. ఎడమ కాలు సరిగ్గా డ్రమ్ము దెబ్బ మీదే నేలను తాకాలి. నడిచే కుదుపుకు క్లారినెట్ పీక పెదవుల మధ్య అదురుతూ ఉంటుంది. ఒంట్లో కదలిక ఊపిరికి అంటకుండా పట్టాలి. వాయిద్యానికి తగిలించిన చిన్న క్లిప్పులో స్వరాల కాగితం ఉంటుంది. ఒక కన్ను దాని మీద, ఒక కన్ను ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతి దండం మీద. ఎప్పుడు మలుపు తిరగాలో, ఎప్పుడు ఆపాలో ఆ దండమే చెబుతుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లతో వరుస చెదరకూడదు. జనవరి చలికి ఇత్తడి వాయిద్యాల శ్రుతి దిగిపోతుంది, దాన్ని పెదవి బిగింపుతోనే సరిదిద్దుకోవాలి. హాల్లో కూర్చుని వాయించే విద్వాంసుడికి ఈ కష్టాల్లో సగం ఉండవు.

అమెరికాలో ఒక్కసారే ఆరో మెట్టు

ఈ ప్రశ్నకు అమెరికా ఎప్పుడో జవాబు చెప్పుకుంది. 1798లో పుట్టిన మెరైన్ బ్యాండ్‌ను 'ప్రెసిడెంట్స్ ఓన్' అంటారు. అందులో ఎంపికైన సంగీతకారుడు నేరుగా స్టాఫ్ సార్జెంట్, అంటే జవాన్ల మెట్లలో ఆరోది. ఎవరు వాయిస్తున్నారో కనపడకుండా తెర కట్టి మరీ వడపోత చేస్తారు. వీళ్లకు ప్రాథమిక సైనిక శిక్షణ ఉండదు, బ్యాండ్ దాటి బదిలీ కూడా ఉండదు. పట్టీల కింద తుపాకుల గుర్తుకు బదులు వీణలాంటి లైర్ వాద్యం గుర్తు కుట్టించుకుంటారు. ఆర్మీ వారి 'పెర్షింగ్స్ ఓన్' బ్యాండ్‌లోనూ స్టాఫ్ సార్జెంట్ హోదానే ఇస్తారు, అయితే అక్కడ ప్రాథమిక శిక్షణ తప్పదు. ఈ వెసులుబాటు రాజధానిలోని మేటి బ్యాండ్ల వంటి కొన్నింటికే. మామూలు దళాల బ్యాండ్లలో చేరేవాళ్లు కింది మెట్ల నుంచే ఎక్కాలి. అందరికీ కాదు, ఎంపికైన వాళ్లకు మాత్రమే అన్నది అక్కడి సూత్రం.

వాయిద్యం దించి స్ట్రెచర్ ఎత్తుతారు

బ్యాండ్ వాళ్లకు యుద్ధంతో పనేముందని అడిగేవాళ్లుంటారు. యుద్ధం వస్తే మన బ్యాండ్ జవాన్లు గాయపడ్డవాళ్లను మోసే స్ట్రెచర్ బేరర్లు. ఆ పనికి వాళ్లకు శిక్షణ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నవంబరులో, బ్రిటిష్ బ్యాండ్స్‌మన్ థామస్ రెండిల్ కాల్పుల మధ్య కందకాల్లోంచి గాయపడ్డవాళ్లను కాపాడి విక్టోరియా క్రాస్ పొందాడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు అరిజోనా యుద్ధనౌక బ్యాండ్‌లోని 21 మందీ చనిపోయారు. మృత్యువు వాళ్లను వాయిద్యకారులని విడిచిపెట్టలేదు.

దుండిగల్‌లో ఆనందలోక్

సికింద్రాబాద్‌కు వాయవ్యాన దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉంది. అక్కడి పట్టాల కవాతు చివర్లో కొత్త ఆఫీసర్లు రెండు వరుసల్లో స్లో మార్చ్ చేస్తూ మైదానం దాటతారు. అప్పుడు బ్యాండ్ వాయించేది రవీంద్రుడి 'ఆనందలోక్' బాణీ. పక్కన కూర్చున్న తల్లిదండ్రుల కళ్లు చెమ్మగిల్లేది అక్కడే. భుజాన కొత్త హోదా గుర్తుతో నడిచే ఆఫీసర్‌కు 56,100 మూలవేతనం. ఆ క్షణానికి అంత బరువు తెచ్చిన వాద్యకారుల్లో కొత్తగా చేరినవాడు అగ్నివీర్.

మదనపల్లెలో కుదిరిన స్వరం

ప్రతి సైనిక బ్యాండ్ మొదట నేర్చుకునేది జాతీయగీతం. దాని బాణీని స్వరలిపిలోకి ఎక్కించింది మన మదనపల్లెలోనే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు మార్గరెట్ కజిన్స్ ఆ పని చేశారు. పూర్తి గీతానికి పట్టే సమయం 52 సెకన్లు. ఆజాద్ హింద్ ఫౌజ్ పాడుకున్న హిందుస్తానీ రూపం 'శుభ్ సుఖ్ చైన్' వెనకా మనవాడున్నాడు. ఆయనే నేతాజీ వెంట నిలిచిన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ.

బ్యాండ్ కోసం ఎస్సై ఉద్యోగం

ఆ 'శుభ్ సుఖ్ చైన్'కూ, 'కదమ్ కదమ్ బఢాయే జా'కూ సంగీతం కూర్చింది కెప్టెన్ రామ్ సింగ్ ఠాకురీ. గోర్ఖా రైఫిల్స్ బ్యాండ్‌లో చిన్నప్పుడే చేరి పైకొచ్చిన మనిషి. నేతాజీ ఆయనకు వయొలిన్ బహూకరించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళం పీఏసీ తమ బ్యాండ్ నిర్మించడానికి ఆయన్ను పిలిచి సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాలో తీసుకుంది. 1974 దాకా ఆయన అక్కడే పనిచేశారు. నైపుణ్యం చూసి హోదా ఇచ్చిన సందర్భం మన దేశంలోనే ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆసుపత్రి ముందూ వాళ్లే

2020 మే 3న సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మీద వాయుసేన హెలికాప్టర్ పూలు చల్లింది. కరోనాతో పోరాడుతున్న వైద్యులకు కృతజ్ఞతగా ఆ రోజు దేశంలో ఎన్నో ఆసుపత్రుల ముందు సైనిక బ్యాండ్లు వాయించాయి. విశాఖలో నేవీ డే సంబరాలకు ఆర్కే బీచ్‌కు చేరే వేలమంది నౌకాదళ బ్యాండ్ ముందు నిలబడి చప్పట్లు కొడతారు. సైన్యాన్ని జనానికి దగ్గర చేసేది చాలాసార్లు ఈ బ్యాండే.

మరి ఇవ్వాలా, వద్దా?

వద్దనేవాళ్ల మాటలో బలముంది. పట్టీ అంటే ఆజ్ఞాపించే అధికారం. హవల్దార్ తన కింద ఉన్న జవాన్ల ప్రాణాలకు పూచీపడతాడు. మంచులో, ఎడారిలో ఏళ్లు గడిపి మూడు పట్టీలు సంపాదించినవాడికి, ఒక్క పరీక్షతో అవే పట్టీలు పొందినవాణ్ని చూస్తే మనసు నొచ్చుకోవడం సహజం. పైగా పైప్ బ్యాండ్లలో చాలామంది రెజిమెంట్‌లోకి వచ్చాకే వాయించడం నేర్చుకుంటారు. వాళ్లకు మామూలు మెట్లే న్యాయం.

కానీ క్రీడాకారుడికీ, మత బోధకుడికీ హోదా ఇచ్చినప్పుడు మర్నాడే ప్లటూన్ నడపమని ఎవరూ అడగలేదు. వాళ్ల పట్టీ వాళ్ల విద్యకు ఇచ్చిన విలువ. సంగీతానికీ అదే కొలమానం వాడాలి. ఇంకో సంగతి, అగ్నివీర్ల గడువు నాలుగేళ్లు, ఆ తర్వాత కొనసాగేది నూటికి 25 మందికి మించదు. ఒక మంచి క్లారినెట్ వాద్యకారుడు తయారవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. తయారైన చేతిని వదులుకుని మళ్లీ మొదటి నుంచి నేర్పుకోవడం బ్యాండ్‌కే నష్టం.

అందుకే నా తీర్పు ఇది. బ్యాండ్‌లో చేరే ప్రతి ఒక్కరికీ పైహోదా అక్కర్లేదు. సంగీతంలో డిప్లొమా, డిగ్రీ ఉండి, దేశమంతటికీ ఒకే కఠిన పరీక్షలో నెగ్గినవాళ్లకు క్రీడాకారుల్లాగే డైరెక్ట్ ఎంట్రీ హవల్దార్ హోదా ఇవ్వాలి. ప్రాథమిక శిక్షణ, స్ట్రెచర్ బాధ్యత అందరితో సమానంగా ఉండాలి. వాళ్ల ఆజ్ఞ బ్యాండ్ వరకే చెల్లేలా భుజాన వేరే గుర్తు పెడితే యుద్ధరంగంలో చెమటోడ్చిన హవల్దార్ గౌరవానికీ లోటు రాదు.

ఇంట్లో వాయిద్యం నేర్చుకున్న, పదో తరగతి పాసైన పిల్లలుంటే త్రివిధ దళాల మ్యుజీషియన్ ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచండి. స్వరలిపి చదవడం ఇప్పటి నుంచే నేర్పించండి. పరేడ్ చూడటానికి వెళ్లినప్పుడు బ్యాండ్‌లో చివరి వరుసలో నడిచే కుర్రాడికీ మనసారా చప్పట్లు కొట్టండి.